లాక్రాస్ క్లబ్ బోర్డులో ఆదివాసీలకు ఓటున్న కుర్చీ: కెనడాలో మా క్లబ్ సంగతి, మీ సలహా కావాలి

శీను_ఒంటారియో (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను దక్షిణ ఒంటారియోలో ఉంటాను. మా అబ్బాయి ఆరేళ్లుగా బాక్స్ లాక్రాస్ (చుట్టూ గోడలున్న రింకులో ఆడే లాక్రాస్) ఆడుతున్నాడు. మొదట్లో వాణ్ణి దింపి రావడమే నా పని. తర్వాత స్కోరు షీటు రాయమన్నారు. రెండేళ్లుగా క్లబ్ బోర్డులో కోశాధికారిని. బోర్డులో తొమ్మిదిమందిమి ఉన్నాం. ఆడే పిల్లల్లో సుమారు నాలుగోవంతు దగ్గర్లోని రిజర్వ్ (ఆదివాసీలకు కేటాయించిన నేల) నుంచి వచ్చే హోడెనోషోనీ ఆదివాసీల పిల్లలు. బోర్డులో మాత్రం వాళ్ల మనిషి ఒక్కరూ లేరు. పాత మినిట్స్ పుస్తకాలు తిరగేశాను, ఇంతకుముందు కూడా ఎవరూ లేరు.

తెలియనివాళ్ల కోసం: లాక్రాస్ అంటే చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి, విసిరి గోలు కొట్టే ఆట. ఆ ఆట వాళ్లది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల కూటమే హోడెనోషోనీ. వాళ్లకది సృష్టికర్త ఇచ్చిన ఆట. జబ్బుపడ్డవాళ్ల కోసం, ఊరి క్షేమం కోసం మొక్కుకుని ఆడతారు. ఇదే ఆటను కెనడా 1994లో చట్టం చేసి జాతీయ వేసవి క్రీడగా ప్రకటించింది.

ఇక మా క్లబ్‌లో జరిగింది. ఈ ఏడాది సెలక్షన్లు శీతాకాలంలో ఒక శని, ఆదివారాలు పెట్టాం. సరిగ్గా అవే రోజుల్లో వాళ్ల నడిచలికాలపు క్రతువు వచ్చింది. అది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, కొన్ని రోజులపాటు సాగుతుంది, ఇంటిల్లిపాదీ లాంగ్‌హౌస్‌లోనే (అందరూ కలిసి క్రతువులు చేసుకునే పొడవాటి ఇల్లు) ఉంటారు. ఏడుగురు పిల్లలు సెలక్షన్లకు రాలేదు. షీటులో వాళ్ల పేర్ల ఎదురుగా ‘గైర్హాజరు’ అని రాసింది నేనే. అందులో ఇద్దరు కిందటేడు జట్టుకు ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లు. నియమం నియమమే అన్నారు, ఏడుగురినీ కింది జట్టులో వేశారు.

తర్వాతి నెల సభ్యుల సమావేశం. అధ్యక్షుడు అలవాటు ప్రకారం ‘ఈ నేల ఫలానా జాతులది’ అని ఫోన్‌లో చూస్తూ చదివాడు. ఒక జాతి పేరు తప్పు పలికాడు, సర్దుకుని మళ్లీ తప్పే పలికాడు. వెనక వరసలో ఒక పెద్దాయన, ఆ ఏడుగురిలో ఒకడి తాతగారు, నెమ్మదిగా లేచి నిలబడ్డారు. “నేల మాదని ఏటా చెబుతున్నారు, సంతోషం. సెలక్షన్ తేదీలు ఏ గదిలో కూర్చుని వేస్తారు? ఆ గదిలో మావాళ్లు ఎవరున్నారు?” అని అడిగి కూర్చున్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. నా ఒళ్లో ఆ గైర్హాజరు షీటు ఉన్న ఫైలుంది.

అప్పట్నుంచి బోర్డులో రెండు వాదాలు నడుస్తున్నాయి. ఆదివాసీ సలహా సంఘం ఒకటి వేద్దాం, ఓటు అక్కర్లేదు అని కొందరు. ఓటుతో రెండు కుర్చీలు ఇవ్వాలని నేనూ, ఇంకో ఇద్దరూ. మూడు వారాల్లో సర్వసభ్య సమావేశం ఉంది, అక్కడ నేను మాట్లాడాలి. మిగతా దేశాల్లో, మిగతా ఆటల్లో ఏం జరిగిందో మీలో తెలిసినవాళ్లుంటారు. చెప్పండి.

---

మాధవి_మెల్‌బోర్న్

శీనూ, ఆ తాతగారి ప్రశ్న చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

క్రికెట్ సంగతి చెబుతాను, మనవాళ్లందరికీ సులువుగా అందుతుంది. ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వెళ్లిన మొట్టమొదటి క్రికెట్ జట్టు ఆదివాసీల జట్టు. 1868లో వెళ్లి 47 మ్యాచులాడారు, 14 గెలిచారు, 14 ఓడారు, మిగతావి డ్రా. మొదటి టెస్టు మ్యాచ్ జరగడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది అప్పటికి. వాళ్లు తిరిగొచ్చిన మరుసటేడే, 1869లో, విక్టోరియాలో ఆదివాసీలు ఎక్కడుండాలో ఏ పని చెయ్యాలో ప్రభుత్వమే నిర్ణయించే చట్టం వచ్చింది. ఇల్లు కదలాలంటే అనుమతి కావాల్సినవాడికి క్రికెట్ ఎక్కడిది?

క్వీన్స్‌లాండ్‌లో ఎడ్డీ గిల్బర్ట్ అనే ఆదివాసీ ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. 1931లో బ్రాడ్‌మన్‌ని సున్నాకి అవుట్ చేశాడు. అంతటి బౌలర్‌కి కూడా తానుండే సెటిల్‌మెంట్ దాటి మ్యాచ్‌కి వెళ్లాలంటే ప్రతిసారీ అధికారి రాసిచ్చిన అనుమతి కాగితం ఉండాలి. దేశం తరఫున ఆడే అవకాశం రానేలేదు. మహిళల్లో ఫెయిత్ థామస్ 1958లో ఆడింది. పురుషుల టెస్టు జట్టులో ఆదివాసీగా గుర్తింపు పొందిన మొదటి ఆటగాడు జేసన్ గిలెస్పీ, అది 1996. రెండోవాడు స్కాట్ బోలాండ్. 2021 బాక్సింగ్ డే టెస్టులో 7 పరుగులకు 6 వికెట్లు తీశాడే, అతనే. ఆ రోజు నేను స్టేడియంలో ఉన్నాను. అతనికి మ్యాచ్ అయ్యాక ఇచ్చిన మెడల్ పేరు జానీ ములా మెడల్. 1868 జట్టులో అందరికన్నా గొప్పగా ఆడినవాడి పేరది.

నేనిదంతా ఎందుకు చెప్పానంటే, ఇక్కడ ఆట రానివాళ్లు ఎవరూ లేరు. అనుమతి కాగితం మీద సంతకం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. మీ సెలక్షన్ షీటు కూడా అలాంటి కాగితమే.

ఫుట్‌బాల్‌లోనూ (ఇక్కడి ఏఎఫ్‌ఎల్) ఇంతే. ఆటగాళ్లలో ఆదివాసీలు అప్పటికే పదోవంతు దాకా ఉన్నా, లీగ్‌ను నడిపే కమిషన్‌లో మొదటి ఆదివాసీ సభ్యురాలిగా హెలెన్ మిల్‌రాయ్ పేరు ప్రకటించింది 2018లో. కమిషన్ పుట్టిన ముప్ఫై ఏళ్ల పైచిలుకు తర్వాత! ఈ మధ్యలోనే ఆదివాసీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ని స్టేడియాలు స్టేడియాలే వారం వారం గేలి చేశాయి, అతను 2015లో ఆట మానేశాడు. లీగ్ గట్టిగా నిలబడాల్సినప్పుడు నిలబడలేదు, 2019లో క్షమాపణ చెప్పింది. ఆ గదిలో ముందే తనవాళ్లు ఉండుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ ఆ గేలి వింటే ఒళ్లు ఎలా మండుతుందో తెలిసినవాళ్లు ఒక్కరైనా అక్కడ ఉండేవాళ్లు కదా.

---

సత్యం_65

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నా సందేహం కూడా వినండి. నాకు ఎవరిమీదా ద్వేషం లేదు.

ఆటలో చూడాల్సింది ప్రతిభ. కమిటీకి ఎన్నికలున్నాయి కదా, వాళ్లనూ పోటీ చెయ్యమనండి. ఈరోజు వీళ్లకు రెండు కుర్చీలిస్తే రేపు మనవాళ్లు అడుగుతారు, ఎల్లుండి ఇంకొకరు. ఒంటారియోలో లేని దేశస్తులు ఎవరు? పిల్లల ఆట క్లబ్‌ని పార్లమెంటు చేస్తే చివరికి ఆట మిగలదు. తేదీ పొరపాటైతే తేదీ మార్చండి, సరిపోతుంది.

---

శీను_ఒంటారియో

సత్యం గారూ, మా బోర్డులో కూడా అచ్చంగా ఇదే మాట వచ్చింది, కాబట్టి మీరడగడం మంచిదైంది.

మనం ఈ దేశానికి వచ్చినవాళ్లం. వచ్చి, వాళ్ల ఆటలో మన పిల్లల్ని చేర్పించాం. నేను కుర్చీ అడిగితే అది వచ్చినవాడు తన వాటా అడగడం. వాళ్లడుగుతున్నది వేరు. ఇల్లు వాళ్లది, మనం లోపల కూర్చుని వాళ్లను గడప దగ్గర నిలబెట్టాం.

ఇది మాటవరసకు అన్నది కాదు. 1860ల్లో మాంట్రియల్‌లో విలియం జార్జ్ బీర్స్ అనే పళ్ల డాక్టరు ఈ ఆటకు నియమాలు రాశాడు. ఇంతమందే ఆడాలి, బంతి రబ్బరుది కావాలి, ఇలా. 1867లో కింగ్‌స్టన్‌లో జాతీయ లాక్రాస్ సంఘం పెట్టారు. 1880 వచ్చేసరికి ఆ సంఘమే, అమెచ్యూర్లు మాత్రమే ఆడాలన్న నియమంతో ఆదివాసీ ఆటగాళ్లను ఛాంపియన్‌షిప్ పోటీల నుంచి తప్పించింది. ప్రయాణపు ఖర్చులకు డబ్బు తీసుకునేవాళ్లు కాబట్టి వాళ్లు ప్రొఫెషనల్స్ అట. ఉన్నవాడు సొంత డబ్బుతో రైలెక్కుతాడు, లేనివాడు టికెట్టు డబ్బులడిగితే ఆటకే పనికిరాడు. ఆట నేర్పినవాళ్లను ఆటలోంచి తోసెయ్యడానికి ఒక్క నియమం చాలింది. ఆ నియమం రాసిన గదిలో వాళ్లెవరూ లేరు.

తేదీ మార్చమన్నారు. మారుస్తాం. వచ్చే ఏడాది ఇంకొకటి వస్తుంది. అప్పుడూ ఆ తాతగారే వెనక వరసలోంచి లేచి అడగాలా?

---

వ్యాయామం_మాస్టారు

బాబూ శీనూ, నేను ఏజెన్సీ ప్రాంతంలో ముప్ఫై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. కెనడా నాకు తెలియదు గానీ మీ గైర్హాజరు షీటు మాత్రం బాగా తెలుసు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆదివాసీ. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల కోసం గొంతెత్తినవాడూ ఆయనే. ఆటలో కెప్టెన్ అవడానికి వీళ్లకు అడ్డేమీ లేదని అప్పుడే తేలిపోయింది. కానీ హాకీ ఇండియాకు ఆదివాసీ అధ్యక్షుడు రావడం ఎప్పుడు? 2022లో, దిలీప్ టిర్కీ. ఒడిశా సుందర్‌గఢ్ బిడ్డ, నాలుగు వందల పైచిలుకు అంతర్జాతీయ మ్యాచులాడినవాడు. ఎంతమంది సుందర్‌గఢ్ పిల్లలు, జార్ఖండ్ సిమ్‌డేగా పిల్లలు దేశానికి ఆడాక ఇది జరిగిందో చూడండి.

2025లో మనకూ క్రీడా పాలన చట్టం వచ్చింది. సంఘాల కార్యవర్గంలో 15 మందికి మించకూడదు, కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు పేరున్న క్రీడాకారులు ఉండాలని రాశారు. మంచి పని. ఆదివాసీలకంటూ మాత్రం అందులో కుర్చీ లేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక క్రీడా సంఘం సమావేశానికి మా స్కూలు తరఫున వెళ్లేవాణ్ణి. జిల్లా జట్టు ఎంపిక నోటీసు మాకు అందేసరికి రెండు రోజులే మిగిలేది. మా పిల్లలు కొండ దిగి, బస్సు పట్టుకుని వచ్చేసరికి ఎంపిక అయిపోయేది. నాలుగైదేళ్లు మొత్తుకున్నాను. అయ్యో అనేవాళ్లు, టీ ఇచ్చేవాళ్లు, పంపేసేవాళ్లు. ఒక ఏడు మా స్కూల్లోనే చదివి ఆటలో పైకొచ్చిన కుర్రాడొకడు ఆ కమిటీలోకి వచ్చాడు. మొదటి సమావేశంలోనే నోటీసుకు పదిహేను రోజుల గడువుండాలని తీర్మానం పెట్టించాడు. అయిదు నిమిషాల పని! ఆ అయిదు నిమిషాల కోసం నేను అయిదేళ్లు తిరిగాను. నాకు టీ దొరికింది, వాడికి ఓటుంది.

---

కిరణ్_ఆక్లండ్

మాస్టారూ, మీ చివరి వాక్యం మా బోర్డు గోడ మీద రాయించాలనుంది.

న్యూజిలాండ్ రగ్బీ కథ ఇది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ఉన్నరోజుల్లో అక్కడికెళ్లే ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ పురుషుల రగ్బీ జట్టు) లోంచి మావోరీ ఆటగాళ్లను, అంటే ఇక్కడి ఆదివాసీలను, తీసేసేవాళ్లు. 1928లో జార్జ్ నేపియా అంతటివాణ్ణే ఇంట్లో కూర్చోబెట్టారు. 1949లో అంతే. 1960లో ‘మావోరీలు లేకపోతే టూరే వద్దు’ అని లక్షన్నర మందికి పైగా సంతకాలు చేసి ఇచ్చారు. అయినా యూనియన్ జట్టును పంపింది. 1970లో మావోరీలను తీసుకెళ్లారు, కానీ ‘గౌరవ తెల్లవాళ్లు’ అన్న హోదాలో! ఈ నిర్ణయాలకు యూనియన్ క్షమాపణ చెప్పింది 2010లో. అప్పటికి ఆ ఆటగాళ్లలో చాలామంది పోయారు.

తర్వాతి సంగతికొస్తే, రగ్బీ బోర్డులో మావోరీ ప్రతినిధి కుర్చీ అని ఒకటుండేది. దాంట్లోకి 2016లో ఫారా పామర్ వచ్చింది. మహిళల జాతీయ జట్టు బ్లాక్ ఫెర్న్స్ కెప్టెన్‌గా మూడు ప్రపంచ కప్పులు గెలిచింది. ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. 1892లో పుట్టిన యూనియన్‌లో బోర్డు మెట్లెక్కిన మొదటి మహిళ ఆవిడే. మావోరీల కుర్చీ వేరుగా ఉండబట్టే, మహిళలకు కూడా ఆ తలుపు తెరుచుకుంది. సత్యం గారన్న ‘వీళ్లకిస్తే వాళ్లడుగుతారు’ అన్నది నిజమే కావచ్చు. అడిగితే తప్పేముందండీ?

---

సత్యం_65

కిరణ్ గారూ, శీను గారూ, ఒప్పుకుంటాను, ఆ 1880 నియమం సంగతి నాకు తెలియదు. శీను గారన్న వచ్చినవాళ్లు, ఉన్నవాళ్లు అన్న తేడా కూడా సబబే.

అయినా ఒక ప్రశ్న మిగిలింది, ఇది వాదన కోసం కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తారు? బోర్డే ఎంచుకుంటే, తల ఊపేవాణ్ణి ఎంచుకుంటుంది. నేను ఉద్యోగంలో ఉండగా యూనియన్లలో చూశాను ఈ తంతు. ఉత్సవ విగ్రహాన్ని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, ‘చూశారా, మీవాడే ఉన్నాడు’ అంటారు. అంతకన్నా కుర్చీ లేకపోవడమే నయం.

---

లలిత_లా

సత్యం గారు అసలు ముడి పట్టుకున్నారు. బైలాస్ (సంస్థ నియమావళి) రాసేటప్పుడు అన్నీ ఇక్కడే చెడతాయి.

నేను టొరంటోలో లాభాపేక్ష లేని సంస్థలకు కాగితాల పని చేసిపెడతాను. శీను గారూ, మీవాళ్ల ముసాయిదాలో ‘ఆదివాసీ నేపథ్యం గల ఒక వ్యక్తిని బోర్డు నియమించవచ్చు’ లాంటి వాక్యం ఏమైనా ఉందా? ఉంటే కొట్టేయించండి. ‘నియమించవచ్చు’ అంటే నియమించకపోవచ్చు కూడా. ‘బోర్డు’ అంటే సత్యం గారన్న తంతే. ‘నేపథ్యం’ అన్న మాటలో ఎవరైనా దూరిపోతారు, ఎప్పుడో ఒక ముత్తాత ఉండేవాడట అని చెప్పుకునేవాళ్లు ఈ దేశంలో తక్కువేం కాదు.

పేర్లు ఆ సమాజం నుంచి రావాలి. ఎలా ఎంచుకుంటారో వాళ్లిష్టం. వాళ్లు పంపిన పేర్లను సభ్యుల సమావేశం ముందు పెట్టి డైరెక్టర్లుగా ఎన్నుకోవచ్చు, లేదా మీ బైలాస్‌ను బట్టి ఇంకో దారి వెతకొచ్చు. ఒంటారియో లాభాపేక్ష లేని సంస్థల చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. పాత బైలాస్ దాని ప్రకారం సరిచూసుకున్నారో లేదో ముందు చూడండి, చాలా క్లబ్బులు చూసుకోలేదు.

ఇంకోటి. రెండు కుర్చీలన్న మీ మాట మీద గట్టిగా నిలబడండి. తొమ్మిదిమందిలో ఒక్కరంటే, ప్రతిపాదన పెట్టేవారూ తనే, బలపరచడానికి ఇంకొకరిని బతిమాలుకోవాల్సిందీ తనే. మినిట్స్‌లో ఎవరూ బలపరచలేదు అన్న ఒక్క ముక్కతో విషయం అక్కడే ఆగిపోతుంది. ఇద్దరుంటే కనీసం చర్చకు వస్తుంది.

ఆటల తేదీలు, సెలక్షన్ నియమాలు, క్రమశిక్షణ ఫిర్యాదులు చూసే ఉపసంఘాల్లో కూడా ఒకరుండాలని రాయండి. బోర్డు నెలకోసారి కూర్చుంటుంది, పిల్లవాడి భవిష్యత్తు మాత్రం ఉపసంఘంలో తేలిపోతుంది.

---

రోహిత్_సిరక్యూస్

అన్నా, నేను సిరక్యూస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడికి దక్షిణాన కొద్ది దూరంలోనే ఒనొండాగా నేషన్. లాక్రాస్ అంటే ఏంటో ఈ ఊరొచ్చాకే తెలిసింది, ఇప్పుడు పిచ్చి పట్టింది.

క్లబ్ స్థాయి కాదు, ప్రపంచ స్థాయి ఉదాహరణ చెబుతాను. 1983లో ఒరెన్ లయన్స్‌తో పాటు కొందరు ఇరాక్వాయ్ నేషనల్స్ అనే జట్టు పెట్టారు (హోడెనోషోనీలను బయటివాళ్లు పిలిచే పేరు ఇరాక్వాయ్). ఆయన ఒనొండాగా పెద్ద, మా యూనివర్సిటీ పాత గోల్‌కీపర్. ఆ దశాబ్దం చివరికల్లా అంతర్జాతీయ సమాఖ్య వాళ్లను సభ్యదేశంగా చేర్చుకుంది. సలహా సంఘం కాదు, కెనడాతో, అమెరికాతో సమానంగా సభ్యత్వం! 1990లో పెర్త్‌లో మొదటి ప్రపంచ పోటీ, సొంత జెండాతో ఆడారు. 2014, 2018, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం వాళ్లదే. ఇప్పుడు పేరు కూడా హోడెనోషోనీ నేషనల్స్ అని తమ మాటలోకి మార్చుకున్నారు.

2010లో మాంచెస్టర్ వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు సొంత హోడెనోషోనీ పాస్‌పోర్టుల మీదే వెళ్తామన్నారు. అమెరికా ఆ ఒక్కసారికి సరేనంది, బ్రిటన్ వీసా ఇవ్వలేదు. కెనడా, అమెరికా పాస్‌పోర్టులు తీసుకుంటే ఆ సాయంత్రమే విమానం ఎక్కేవాళ్లు. తీసుకోలేదు. న్యూయార్క్‌లో రోజుల తరబడి కూర్చుని, తాము పుట్టించిన ఆట ప్రపంచ పోటీని వదులుకుని ఇంటికొచ్చారు. ఆ ఆటగాళ్ల వయసు అప్పటికి నా వయసే అయ్యుంటుంది. నేనైతే అలా ఉండగలిగేవాణ్ణా అని చాలాసార్లు అనుకున్నాను.

తర్వాత 2022 వరల్డ్ గేమ్స్ (ఒలింపిక్స్‌లో లేని ఆటలకు జరిగే ప్రపంచ పోటీలు) వచ్చాయి, బర్మింగ్‌హామ్ అలబామాలో. వీళ్లకు ఒలింపిక్ కమిటీ లేదు, దేశం కాదు అని మొదట జాబితాలో చేర్చలేదు. జనం అడిగారు, ఆటగాళ్లు అడిగారు. 2020లో ఐర్లండ్ జట్టు తన చోటు వదులుకుని వీళ్లకిచ్చేసింది.

అసలు పరీక్ష 2028ది. లాక్రాస్‌ను లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చాలని 2023 అక్టోబరులో నిర్ణయం జరిగింది, అదీ మన ముంబైలో జరిగిన సమావేశంలో. ఆ డిసెంబరులోనే అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ హోడెనోషోనీలను సొంత జెండాతో ఆడనివ్వాలని బహిరంగంగా అడిగాడు. జాతీయ ఒలింపిక్ కమిటీలే జట్లను పంపాలన్నది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ జవాబు. ఆడదలచినవాళ్లు కెనడాకో అమెరికాకో ఆడుకోవచ్చట. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్ కాంస్యం గెలిచింది మోహాక్ జట్టు. రికార్డులో అది కెనడా పతకం.

లాక్రాస్ సమాఖ్యలో వాళ్లకు ఓటుంది, అందుకే అక్కడ వాళ్ల మాట చెల్లుతోంది. ఒలింపిక్ కమిటీలో లేదు. తేడా అంతే అన్నా.

---

శీను_ఒంటారియో

తమ్ముడూ, ఆ పాస్‌పోర్టుల సంగతి మావాడికి చదివి వినిపించాను. ‘వాళ్లు ఎందుకు వేరే పాస్‌పోర్టు తీసుకోలేదు నాన్నా’ అనడిగాడు. కాసేపటికి వాడే, ‘తీసుకుంటే వేరే జట్టు అయిపోతారు కదా’ అన్నాడు.

లలిత గారూ, మా ముసాయిదాలో అచ్చంగా ఆ వాక్యమే ఉంది. ‘నియమించవచ్చు’ అనే ఉంది. కొట్టేసి మళ్లీ రాస్తున్నాను.

---

మాధవి_మెల్‌బోర్న్

ఇంకో ముక్క, శీనూ. వచ్చేవాళ్ల మీద బరువెయ్యకండి.

ఇక్కడ ఒక క్రీడా సంస్థలో వాలంటీరుగా ఉండి కళ్లారా చూశాను. ఒక ఆదివాసీ అక్కని కమిటీలో వేశారు. ఇక ప్రతిదానికీ ఆవిడే. జెర్సీ మీద బొమ్మ వెయ్యాలా, ఆవిణ్ణి అడుగు. స్వాగత కార్యక్రమమా, ఆవిణ్ణి పిలువు. ఎవరో జాతి పేరు పెట్టి తిట్టారా, ఆవిడే వెళ్లి మాట్లాడాలి. బడ్జెట్ చర్చకు వచ్చేసరికి మాత్రం ఎవరూ ఆవిడ వైపు చూసేవాళ్లు కాదు. ఆవిడ చదివింది అకౌంటెన్సీ! ఏడాదిన్నరకు మానేసింది. ‘వాళ్లకు ఆసక్తి ఉండదు’ అని మినిట్స్‌లో కాకపోయినా మాటల్లో మిగిలింది. నేను కూడా అప్పుడు నోరు విప్పలేదు, అది నన్నిప్పటికీ తొలుస్తుంది.

సమావేశాలు ఎప్పుడూ మీ ఊళ్లోనేనా? కొన్ని వాళ్ల దగ్గర పెట్టండి. రానూపోనూ ఖర్చు ఇవ్వండి. మీ కెనడాలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లిన బడుల మీద విచారణ జరిపిన సత్యశోధన, సయోధ్యల కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో 87 నుంచి 91 వరకు ఆటల గురించే కదా, అవి ప్రింటు తీసి సమావేశంలో పంచండి. కోచ్‌లకూ అధికారులకూ ఆదివాసీ సంస్కృతికి తగిన కార్యక్రమాలు, జాతివివక్ష మీద శిక్షణ, అన్నీ 90లో ఉన్నాయి. ఇది శీను సొంత గోల కాదు, దేశం ముందు పదేళ్లుగా ఉన్న మాటేనని తెలుస్తుంది.

---

కిరణ్_ఆక్లండ్

మాధవి గారి మాటకు ఒకటి కలుపుతాను. వాళ్లలో వాళ్లకు కూడా అభిప్రాయభేదాలుంటాయి, దానికి సిద్ధపడండి. లాంగ్‌హౌస్ ఆచారంలో లాక్రాస్ మగవాళ్ల ఆట, కొయ్య కర్రను ఆడవాళ్లు ముట్టుకోరు. అదే జాతి అమ్మాయిలు ఈరోజు ప్రపంచ పోటీల్లో ఆడుతున్నారు. మీ క్లబ్‌లో అమ్మాయిల జట్టు గురించి ఇద్దరు ప్రతినిధులు రెండు రకాలుగా మాట్లాడొచ్చు. అప్పుడు ‘మీరంతా ఒక మాట మీదికి రండి, తర్వాత చూద్దాం’ అనొద్దు. మన బోర్డుల్లో తొమ్మిదిమంది ఎప్పుడైనా ఒక మాట మీదున్నారా?

---

సత్యం_65

శీను గారూ, సమావేశం ఏమైందో తప్పకుండా రాయండి. ఎదురుచూస్తుంటాను.

---

శీను_ఒంటారియో (మూడు వారాల తర్వాత)

ఆలస్యమైంది, క్షమించండి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సమావేశానికి ముందు, మీరంతా చెప్పాక, నాకొకటి తట్టింది. కుర్చీల గురించి ఇంత రాసుకున్నాం గానీ వాళ్లకు కావాలో వద్దో ఎవరం అడగలేదు. మా కోచ్, నేనూ ఆ తాతగారింటికి వెళ్లాం. వరండాలో హికరీ కర్ర ఒకటి సగం చెక్కి ఉంది, మనవడి కోసమట. ఆవిరి పట్టి వంచాక నెలలు నెలలు ఆరాలి, తొందరపడితే పగులుతుంది అని చూపించారు. ముసాయిదా చదివి వినిపించాను. పూర్తిగా విన్నారు. “బాగుంది. కానీ మీ సమావేశం తేదీలోగా మేం జవాబు చెప్పలేం. మాలో అందరూ మాట్లాడుకోవాలి. మాకు చేతులెత్తి లెక్కపెట్టే అలవాటు లేదు, ఒప్పుకోనివాళ్లు ఒప్పుకునేదాకా మాట్లాడతాం” అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు నిరాశ కలిగింది. ఓట్లు లెక్కేసుకున్నాను, ఆ రోజు పెడితే గెలిచేవాళ్లం. కానీ వాళ్ల కుర్చీ గురించి వాళ్లు లేకుండా ఓటేస్తే మళ్లీ ఆ పాత గదే కదా. సర్వసభ్య సమావేశంలో లేచి, తీర్మానాన్ని వాయిదా వెయ్యమని నేనే అడిగాను. కొందరు ఊపిరి పీల్చుకున్నారు, ఇంకొందరికి నా మీద కోపమొచ్చింది. వాయిదా పడింది.

రెండు పనులు మాత్రం అదే రోజు అయ్యాయి. సెలక్షన్ తేదీలు ఖరారు చేసే ముందు లాంగ్‌హౌస్ క్యాలెండరు చూసుకోవాలని తీర్మానం చేశారు. ఆ ఏడుగురికీ మళ్లీ సెలక్షన్ పెట్టాలన్నారు, కిందటి ఆదివారం పెట్టాం. అయిదుగురు పై జట్టులోకి వెళ్లారు. ఒకడు కింది జట్టులోనే ఉన్నాడు, వాడింకా చిన్నవాడు. ఇంకొకడు రాలేదు, వేరే క్లబ్‌లో చేరిపోయాడట. వాణ్ణి తిరిగి తెచ్చుకోలేం.

నిన్న తాతగారు ఫోన్ చేశారు. వాళ్ల మాటలు మొదలయ్యాయట. రెండు కుర్చీల సంగతి తేల్చుకునే ముందు ఈ క్లబ్ ఇన్నేళ్లుగా ఏమేం నిర్ణయించిందో చదవాలి, పదేళ్ల మినిట్స్ పంపమన్నారు. అధ్యక్షుడు కాస్త నసిగినా చివరికి సరేనన్నాడు. మొదటి మూడేళ్లవి ఈ రాత్రి స్కాన్ చేస్తున్నాను. మావాడు పేజీలు వరసగా అందిస్తున్నాడు.

---

వ్యాయామం_మాస్టారు

ఆ గైర్హాజరు షీటు కూడా కలిపి పంపు బాబూ.

---

శీను_ఒంటారియో

అన్నిటికన్నా పైన అదే పెట్టాను మాస్టారూ.